రేసు కారు నీళ్లు తాగిన రోజు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో ఇంజిన్ గురించి తెలీదని ఒప్పుకున్న మగాడికి పిల్లనిచ్చేవారు కాదు. (కొంచెం ఎక్కువ చెప్పాను. ఇచ్చేవారు, కాకపోతే వెనకాల నవ్వుకునేవారు.) అందుకే రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరిన కొత్తలోనే, నేను లేకపోతే డీజిల్ ఇంజిన్ కదలదని మా ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ అంతా చాటుకున్నాను. అప్పటికి నా చేతికిచ్చినవి నూనె గుడ్డలూ, టీ కెటిలూ మాత్రమే.

మా అప్పని, అంటే పెద్దక్కని, చేసుకున్న బావ కలకత్తా నుంచి ఒక రేసు కారు తెచ్చాడు. రెండే తలుపులు, జోడు కార్బ్యురేటర్లు. అది గర్జిస్తే ఝపటాపూర్‌లో కాకులన్నీ లేచిపోయేవి. (రెండు మూడు లేచేవి.) దాని జబ్బల్లా రేడియేటరే. కారిపోయి, మరిగిపోయి, ఎక్కడ పడితే అక్కడ నిలబడేది. అప్ప స్టీరింగ్ పడితే బావ వెనకాల తోసేవాడు. స్టీమింజిన్ డ్రైవరుగా రిటైరైన మా నాన్న ఒకరోజు తీర్పు చెప్పేశాడు. "అల్లుడుగారూ, ఊరవతల సాలువా దాకా ఎల్లి, దార్లో ఆగిపోకుండా తిరిగొస్తే బండి ఉంచుకోండి. ఆగిందా, అమ్మీయాల. సూడ్డానికి నానూ ఎక్కుతాను."

బావ మొహం వాడిపోయింది. "ఒరే బావమరిదీ, మంచి రేడియేటర్ నువ్వే ఎంచు. బండి నాకు దక్కితే నీకు డ్రైవింగ్ నేర్పుతాను" అని నన్ను పాత సామాన్ల కొట్టుకి తీసుకెళ్లాడు. అక్కడ రెండున్నాయి. ఒకటి పల్చగా, వెడల్పుగా ఉంది. రెండోది లారీ నుంచి దించిన ఇత్తడి దిమ్మ. మా రైల్వేలో చక్రం బాగుందో లేదో సుత్తితో కొట్టి, మోత విని చెబుతారు. నేనూ రెండింటినీ కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాను. "గాన్ శున్‌బే, నా రేడియేటర్ నేబే?" అన్నాడు కొట్టు దాదా, పాట వింటావా, సరుకు తీసుకుంటావా అని. దిమ్మ గుడి గంటలా మోగింది. అదే ఎంచాను.

అప్ప దాన్ని చూసి, "ఒరే, యేడన్నం సల్లారాలంటే పళ్లెంలో పరుస్తామా, సెంబులో కుక్కుతామా?" అంది.

"వంటిల్లు వేరు, ఇంజిన్ వేరప్పా" అన్నాను ఎంతో జాలిగా.

దిమ్మ పెట్టాక ఫ్యానుకి చోటు చాల్లేదు. "స్పీడు కారుకి ఫ్యానెందుకు బావా, ఎదురుగాలి చాలదూ?" అని ఫ్యాను పీకేశాను. బానెట్ మూతపడలేదు, తాడేసి కట్టాను.

సాలువా దాకా బాణంలా వెళ్లాం. నాన్న ముందు సీట్లోంచి వేడి చూపించే ముల్లు వంకే చూస్తున్నాడు. తిరిగొస్తుంటే రైల్వే గేటు పడింది. గూడ్సు బండి తీరిగ్గా పోతోంది. కారు నిలబడింది, దాంతో గాలీ నిలబడింది. ముల్లు ఎర్రగీత దాటింది. బుస్సుమని బానెట్ సందుల్లోంచి ఆవిరి! బావ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. నేను తలుపు వైపు చూశాను, పారిపోదామని.

నాన్న దిగాడు. ఆవిరి ముందు నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూళ్లేదు. "ఏట్రా అలా సూస్తన్నావు? గేటోడి కాడ బకెట్టు పట్రా!" అన్నాడు. వేడి తగ్గేదాకా మమ్మల్ని మూత ముట్టుకోనివ్వలేదు. ఈలోగా గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొడితే, "రుకో దాదా, ఇంజిన్ పానీ పీతా హై!" అని, ఇంజిన్ నీళ్లు తాగుతోంది ఆగమని గద్దించి, తన చేత్తోనే పసిబిడ్డకి పట్టినట్టు మెల్లగా నీళ్లు పోశాడు.

బావ బానెట్‌కి మళ్లీ తాడు కట్టాడు. "ఆగిపోయింది కదా మావయ్యా, అమ్మేస్తాన్లెండి."

"ఎవురన్నారు ఆగిపోయిందని? నీళ్లకి నిలపడ్డం ఆగిపోడం ఏటి? నా సర్వీసంతా స్టీమింజిన్ని అలాగే నిలిపినాను. ఎక్కండి, రైటు!"

కారు బతికింది. మర్నాడు అప్పే వెళ్లి పల్చటి రేడియేటర్ తెచ్చి, ఫ్యాను పెట్టించింది. ఆ తర్వాత అది మరిగితే ఒట్టు. నాన్న మాత్రం మళ్లీ ఎక్కలేదు. "బాగానే ఉంది గానీ, పేణం లేదురా" అనేవాడు. బావ నాకు డ్రైవింగ్ నేర్పాడు. (నేర్పబోయాడు. గోడ అడ్డొచ్చింది.)

ఇప్పుడు మా అమ్మాయి కారులో తిరుగుతున్నాను. దాని రేడియేటర్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు. మొన్న గేటు పడితే దిగి, బానెట్ మీద చెయ్యేసి నిలబడ్డాను.

"ఏటి నాన్నా?" అంది అమ్మాయి అద్దం దించి.

"ఏం లేదమ్మా. దాహమేస్తోందేమో అని" అన్నాను. చల్లగానే ఉంది పాపం. కొంచెంసేపు నిలబడి, మళ్లీ ఎక్కేశాను.