మామిడి కొత్త తినకుండా ఆగిన మా అత్త

మా అత్త పోయింది. ఆ కబురు నాకు స్కూల్లో, స్టాఫ్ రూములో కూర్చుని ఏడో తరగతి పేపర్లు దిద్దుతుండగా తెలిసింది. ఫోన్లో పెదనాన్న. "మీ అత్త ఎల్లిపోనాదే. ఈ ఏడు మామిడికాయ నోట ఎట్టకుండానే ఎల్లిపోనాది. నీ కోసమే ఆగింది" అన్నాడు. చావు కబురుతో పాటే నాకు శిక్ష కూడా వేసేశాడు. ఆ శిక్షను నేను ఒప్పుకోలేదు. ఇది రాస్తున్నది అందుకే.

అత్త మా నాన్నకి చెల్లెలు. అమ్మా నాన్నా పోయాక అరకులోయ పైనున్న కొండ ఊళ్లో నన్ను పెంచింది ఆవిడే. నేను మాల్దీవుల్లో ఒక చిన్న ద్వీపంలో పాఠాలు చెబుతాను. ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే ఒంటికి చెమట పట్టకముందే ఊరు అయిపోతుంది. ఇక్కడ కాలాలు రెండే, గాలి ఇటు నుంచి వచ్చే కాలం, అటు నుంచి వచ్చే కాలం. మిగతా కాలాలన్నీ నాకు అత్త ఫోన్లోంచి వచ్చేవి. కాఫీ పువ్వు విచ్చిందనీ, నూనెగింజల వలిసె చేను పసుప్పచ్చగా పూసిందనీ, చీపుళ్లు కోయడానికి కొండెక్కుతున్నాననీ చెప్పేది. అవి వింటూ నేను సెలవులకి రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఒకసారి మా పిల్లలు "చలి అంటే ఎలా ఉంటుంది మిస్?" అని అడిగారు. క్లాసులోంచే అత్తకి వీడియో కాల్ చేసి, మంచు చూపించమన్నాను. ఆవిడ ఫోన్ని గుమ్మం బయటికి చాపింది. తెర మొత్తం తెల్లగా అయిపోయింది. పిల్లలు "నెట్ పోయింది మిస్" అన్నారు. నవ్వలేక చచ్చాను. అత్తకి మాత్రం కోపం వచ్చింది. "ఇంత మంచు సూపిత్తే కనపడలేదంతారేటి? కళ్లు లేవేటి ఆల్లకి?"

మా కొండల్లో కొత్తల పండగలుంటాయి. చెట్టుకి కాయ కాసినంత మాత్రాన తినేయడానికి లేదు. ముందు ఊరి దేవతకి పెట్టాలి, తర్వాత ఇంట్లోవాళ్లంతా కలిసి కూర్చుని తినాలి. దాన్నే కొత్త తినడం అంటాం. అంతవరకూ రాలిన మామిడికాయని కూడా ఎవరూ ముట్టరు. ఆ రోజు ఎవరు కలిసి కూర్చుంటారో వాళ్లే ఇంటి మనుషులు. మిగిలినవాళ్లంతా చుట్టాలు.

మామిడి కొత్త చైత్రంలో వస్తుంది. మా స్కూలు సెలవులు అప్పటికి రావు. నేను ఉద్యోగానికి వచ్చిన మొదటి ఏడాది అత్త ఊరందరితో పాటే దేవతకి కాయలు పెట్టింది. ఇంటికొచ్చి తన వాటా మాత్రం తినలేదు. పెదనాన్న అడిగాడట, "ఆ పిల్లగుంట సముద్రం దాటి ఎల్లిపోనాది. ఇంక మనింటి మనిసేటి? చుట్టమే కదా?" అని. అత్త అన్న మాట ఊరంతా చెప్పుకున్నారు. "దేవతకి ఎట్టాల్సిన రోజున ఎట్టీసినాను అన్నా. నాను ఎప్పుడు తింతానో నీకేటి?"

అప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే. కళ్ల ముందే కాయ ముగ్గి పండై రాలిపోతున్నా ముట్టేది కాదు. నేను వచ్చాక, కొమ్మ చివర మిగిలిన నాలుగు కాయలతో మా ఇద్దరి కొత్త అయ్యేది. "నా గురించి ఆగొద్దు అత్తా, ఇక్కడ మామిడికాయ ఏడాది పొడుగునా దొరుకుతుంది, పడవలో తెస్తారు" అన్నానొకసారి. "సెట్టేదో తెలీని కాయికి కొత్తేటి, పాతేటి? తినీ. అది పడవ కాయి" అని కొట్టిపారేసింది.

సెలవులకి వెళ్తే బంధువులు నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసేవాళ్లు, స్టీలు పళ్లెంలో వడ్డించేవాళ్లు. అత్త ఆ కుర్చీ లాగేసి చేతికి బుట్ట ఇచ్చేది. "టీచరమ్మవి అక్కడ. ఇక్కడ బేగి తోటలోకి నడు." పక్కవాళ్లు నొచ్చుకునేవారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది. చుట్టానికి ఇంట్లో మర్యాద ఉంటుంది, చోటు ఉండదు. నా చోటు పోకుండా ఆవిడ ఏటా నోరు కట్టుకుని కాపాడింది. జాలి పడాల్సిన పని కాదది. పంతం. ఆ పంతానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఈ ఏడు కూడా దేవతకి కాయలు పెట్టింది, ఆ తర్వాత జ్వరం ముంచుకొచ్చి రెండు రోజుల్లో ఆవిడని తీసుకుపోయింది. పడవా విమానమూ మారి, విశాఖలో కిరండూల్ రైలెక్కి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. అరుగు మీద కుర్చీ వేసి ఉంది. పెదనాన్న "కూకోమ్మా" అన్నాడు. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండింది. కుర్చీ పక్కకి నెట్టి పెరట్లోకి వెళ్లి, చేతికందిన కాయలు తెంపాను.

"సావు జరిగిన ఇల్లే ఇది! ఈ ఏడు ఇంక ఈ ఇంట కొత్త లేదు" అని అరిచాడు.

"దేవతకి ఎట్టాల్సింది అత్త తన సేత్తోనే ఎట్టీసింది పెదనాన్నా. తినడమొక్కటే మిగిలింది. అది నాను తింతాను" అన్నాను.

పొయ్యి దగ్గర నేల మీద కూర్చుని తొక్కతోనే కొరికాను. పుల్లగా ఉంది, ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిన్నాను. పెదనాన్న గుమ్మంలో కనిపించాడు. తిడతాడనుకున్నాను. నెమ్మదిగా వచ్చి నా పక్కన చతికిలబడి, "ఉప్పు లేకుండా ఎలా తింతన్నావే" అని చెయ్యి చాపాడు. ఆ చేతిలో ఒక ముక్క పెట్టాను.

మళ్లీ ద్వీపానికి వచ్చేశాను. ఆ కాయ సొన అంటుకుని పై పెదవి మీద నల్లగా కాలిన మచ్చ పడింది. మొన్న క్లాసులో ముందు బల్ల మీది పాప చాక్‌పీస్ అందిస్తూ "దెబ్బ తగిలిందా మిస్?" అని అడిగింది. లేదన్నాను. స్టాఫ్ రూములో ఎవరో మందు రాసుకోమని ట్యూబు ఇచ్చారు. మూత కూడా తీయలేదు. పాఠం చెబుతుంటే పెదవి కదిలినప్పుడల్లా అది చురుక్కుమంటోంది.