ఖాదర్ సాబ్ ఆపించిన బస్సు

మొన్న బోధన్ వెళుతుంటే కండక్టరు అమ్మాయి చేతిలోని మిషను కిర్రుమంటూ ఓ కాగితపు ముక్కను బయటికి తోసింది. ఇంకా వెచ్చగానే ఉన్న ఆ టికెట్టును అందుకోగానే నా బొటనవేలు దాని అంచును తడిమింది. మా రోజుల్లో టికెట్టు గరుకుగా ఉండేది. ట్రేలోంచి తెంపి, అంచున పంచితో నొక్కితే టక్కుమనేది. ఇప్పుడా చప్పుడు లేదు గానీ నాకు మాత్రం వినిపించింది, దాని వెంటే ఖాదర్ సాబ్ గొంతూ వినిపించింది. పక్కన కూర్చున్న కుర్రాడు నా వంక అదోలా చూశాడు. ముసలాయన టికెట్టును ఎందుకలా నిమురుతున్నాడా అనుకుని ఉంటాడు.

ఖాదర్ సాబ్ మా దగ్గర చెకింగ్ ఇన్‌స్పెక్టరు. వాళ్ళది తాతల కాలం నుంచీ నిజామాబాద్‌లో స్థిరపడ్డ దర్జీల కుటుంబం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎండాకాలంలో కూడా మెడ దాకా గుండీలు పెట్టుకునేవాడు. ఆయన పేరు చెబితే కండక్టర్లు హడలిపోయేవాళ్ళు. అలాగని అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఒక్కసారి అరిస్తే బాగుండునని మేమే అనుకునేవాళ్ళం. ఊరవతల ఎక్కడో రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తేవాడు. బస్సెక్కి, జనాన్ని కళ్ళతోనే లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే నోరు తెరిచేవాడు.

నేను కండక్టరుగా కొలువులో చేరిన కొత్తలో, రెంజల్ నుంచి వచ్చిన ఓ అవ్వ టికెట్టును ఆమె కొడుకు చేతికిచ్చాను. అతను వెనక ఎక్కడో ఉన్నాడు. ఖాదర్ సాబ్ అడిగితే అవ్వ బిక్కమొహం వేసింది. కొడుకును వెతికి టికెట్టు చూసేదాకా ఆయన కదలలేదు. దిగబోతూ నా పక్కన ఆగాడు.

"ఎవ్వల టికెట్ వాళ్ళ చేతుల పెట్టాలె లింగం. అడిగినప్పుడు సూపియ్యకుంటె తీస్కున్నట్టా, తీస్కోనట్టా?"

"గట్లనే సాబ్," అన్నాను. మనసులో మాత్రం, ఇంత కిక్కిరిసిన బస్సులో అదెట్లా కుదురుతుందని విసుక్కున్నాను.

చెరకు నరికే కాలం వస్తే అది అసలే కుదిరేది కాదు. మహారాష్ట్ర వైపు నుంచి కూలీలు గుంపులుగా దిగేవాళ్ళు. కొడవళ్ళు, పరుపుల మూటలు, చంటిపిల్లలు, అందరికీ ముందు ఒక ముకాదమ్. గుంపును కూర్చి తెచ్చే మేస్త్రీని వాళ్ళు అలా పిలుస్తారు. అందరికీ తనే టికెట్లు కొని, అన్నీ తన దగ్గరే పెట్టుకునేవాడు. అవి చూపిస్తే తప్ప గుత్తేదారు దారిఖర్చు ఇవ్వడు. కూలీ తన చేతిలో పెట్టిన టికెట్టు పారేసుకుంటే ఆ డబ్బు ముకాదమ్ నెత్తిన పడుతుంది. అది వాళ్ళ పద్ధతి, దాన్ని మార్చడం నా వల్ల అయ్యే పని కాదు.

డెబ్భయ్యవ దశకం మొదట్లో, ఒక చలికాలం పొద్దున, అలాంటి గుంపే నా బస్సెక్కింది. అప్పటికి నాది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు చేసేవాళ్ళ పేర్లు ఆ నెలాఖరుకు తేలాలి. మా ఊరు చందూర్‌లో మా బాపు, కొడుకు పర్మనెంటు అయినట్టేనని అప్పుడే ఊరంతా చెప్పుకున్నాడు. ముకాదమ్ ధోండిబా డబ్బులిచ్చాడు. నేను ఖాదర్ సాబ్ మాట గుర్తుపెట్టుకుని మనిషి మనిషి చేతిలో టికెట్టు పెట్టాను. పెట్టినవి పెట్టినట్టే వాళ్ళు ధోండిబాకు అందించారు, అతను తలపాగా మడతలో దోపుకున్నాడు.

జానకంపేటలో బస్సు మీది నుంచి వాళ్ళ పరుపు మూట ఒకటి జారి పడింది. ధోండిబా దిగాడు. ఎవరో బస్సును రెండు దెబ్బలు చరిచారు. అది బయల్దేరమనే సైగ కాబట్టి డ్రైవర్ పోశన్న పోనిచ్చాడు. నేను ముందువైపు చిల్లర వెతుక్కుంటున్నాను. వెనక మరాఠీలో కేకలు వినబడ్డాయి గానీ రోజూ ఉండే గోలే అనుకున్నాను.

రెండు మలుపులు దాటామో లేదో ఖాదర్ సాబ్ చెయ్యెత్తాడు. వెంట కొత్తగా వచ్చిన ఇంకో ఇన్‌స్పెక్టరు, కుర్రవాడు. ఖాదర్ సాబ్ మొదటి కూలీ మనిషిని అడిగాడు. ఆమె ఖాళీ చేతులు చూపించి, "ముకాదమాకడె" అంది, ముకాదమ్ దగ్గరున్నాయని. ఆ పక్కామె అదే మాట, ఆ వెనకాయనా అదే మాట. ముకాదమ్ ఏడని అడిగితే అందరూ వచ్చిన దారి వైపు చేతులు చాపారు. ధోండిబా జానకంపేటలోనే ఉండిపోయాడని నాకు అప్పుడు తెలిసింది.

"సాఫ్ కేసు సాబ్," అన్నాడు కుర్ర ఇన్‌స్పెక్టరు. "పైసలు జేబుల ఏస్కుండు, టికెట్లు ఇయ్యలే. రాద్దాం."

ట్రేలో టికెట్లు తెగే ఉన్నాయి. కానీ అవి వీళ్ళకే తెంపానని రుజువేది? దారిలో ఎక్కి దిగిపోయినవాళ్ళవి అంటే నేనేం చెప్పాలి? వెనక సీట్లోంచి ఎవరో, "మింగిండు పో" అన్నారు. నిన్నటిదాకా నన్ను లింగమన్నా అని పిలిచినవాళ్ళే తల తిప్పుకున్నారు.

ఖాదర్ సాబ్ పెన్ను తీసి నా మొహంలోకి చూశాడు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన సాబ్. ఒక్కొక్కల చేతుల పెట్టిన. వాళ్ళే మల్ల ఆయనకిచ్చిండ్రు. నెత్తి రుమాల్ల పెట్టుకుండు."

ఆయన నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. పెన్ను మూత తీయకుండానే చేతిలో పట్టుకుని, "పోశన్నా, ఇంజన్ బంద్ చెయ్," అన్నాడు.

బస్సులో గోల మొదలైంది. నల్లకోటు వేసుకున్న ఒకాయన కోర్టుకు టైమవుతోందని, పైవాళ్ళకు రాస్తానని లేచాడు. "రాయుండ్రి సాబ్, నా పేరు ఖాదర్," అని చెప్పి ఆయన కిందికి దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. నేనూ దిగి నిలబడ్డాను. వెనక ఏ బండి చప్పుడైనా నా ప్రాణం అటే లాగేది. ఓ లారీ వచ్చింది, అందులో లేడు. చెరకు బండ్లు మూలుగుతూ వచ్చాయి, వాటి మీదా లేడు. తర్వాతి బస్సు వచ్చింది. నల్లకోటాయన అందులోకి మారాడు. ధోండిబా అందులోనూ లేడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. బాపుకు ఈ కబురు ఎవరు చెబుతారా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

"ఇగ రాయుండ్రి సాబ్," అన్నాడు కుర్ర ఇన్‌స్పెక్టరు.

"ఇంకింత సేపు సూద్దాం," అన్నాడు ఖాదర్ సాబ్.

మలుపు దగ్గర ముందు పరుపు మూట కనబడింది, తర్వాత దాని కింద మనిషి. ధోండిబా చలికాలంలోనూ చెమటలు కక్కుతూ పరుగెత్తుకొస్తున్నాడు. వెనక బస్సు కండక్టరు మళ్ళీ టికెట్టు కొనమన్నాడట. తన దగ్గర ఇన్ని టికెట్లుండగా ఇంకొకటెందుకు కొనాలని దిగిపోయి, మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరాడట. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తలపాగా విప్పితే టికెట్లు తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఖాదర్ సాబ్ ఒక్కొక్కటే విడదీసి, తొడ మీద పరిచి, నా ట్రేతో నంబర్లు సరిచూశాడు. తర్వాత బస్సెక్కి తన చేత్తోనే ఒక్కో కూలీకి ఒక్కో టికెట్టు ఇచ్చాడు. దిగి, "పోనియ్," అన్నాడు.

నల్లకోటాయన అన్నంత పనీ చేశాడు. బస్సును అంతసేపు ఆపినందుకు ఖాదర్ సాబ్‌కు మెమో వచ్చింది, ఆ ఏడు ఆయనకు రావలసిన జీతం పెంపు ఆగిపోయింది. ఇది నాకు పర్మనెంటు అయ్యాక తెలిసింది. ఆ సాయంత్రమే మిఠాయి పొట్లం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన చాయ్ తెప్పించాడు.

"నా మీద నమ్మకం పెట్టి మీరు నష్టపోయిండ్రు సాబ్," అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. "నిన్నెవరు నమ్మిండ్రు? నువ్వు దొంగవో కాదో నాకేం ఎరుక? తెల్వకనే ఆగిన. తెలిస్తె ఎందుకాగుత, దొంగవైతె రాసి, కాకుంటె రైట్ చెప్పి పోదును గద."

ఆ మాట నన్ను చాలా రోజులు నొప్పించింది. నన్ను నమ్మానని ఆయన నోట వినాలనే అంత దూరం వెళ్ళాను. నమ్మి ఉంటే ఆయన చేసింది చిన్న పనే అయ్యేదని చాలాకాలానికి గానీ నాకు తట్టలేదు. నాకు ఏమీ కానివాడు, నా మీద ఏ నమ్మకమూ లేనివాడు, తన జీతం పెంపు పోగొట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాడు. అంతటి గౌరవం నాకు ఆ తర్వాత ఇంకెవరూ ఇవ్వలేదు.

కొన్నేళ్ళకు నేనూ చెకింగ్‌లోకి వచ్చాను. నిజమో అబద్ధమో తేలని చోటల్లా ఇంజన్ ఆపించాను, మెమోలు తీసుకున్నాను. నా భార్య నన్ను మెమోల మొగుడని ఆటపట్టించేది. కొన్నిసార్లు మలుపు దగ్గర ఎవరో ఒకరు కనబడ్డారు. చాలాసార్లు ఎంతసేపు కూర్చున్నా ఎవరూ రాలేదు. అప్పుడు లేచి రిపోర్టు రాశాను. ఆగి చూశాకే రాశాను గనుక, ఏ రిపోర్టు గురించీ తర్వాత బాధపడలేదు.