బాపిరాజు గారి గాలి తనిఖీ

ఈ లోకంలో బాపిరాజు గారు అనుమానించని వస్తువు ఒక్కటే. అది ఆయన అనుమానం. మిగతావన్నీ, అంటే పాలు, పెరుగు, బస్సు చక్రాలు, పెళ్లి పందిళ్లు, పంచాంగాలు, దూరపు చుట్టాలు, ఆయన దృష్టిలో ముద్దాయిలే. తాము నిర్దోషులమని అవే రుజువు చేసుకోవాలి.

దేవుడు కూడా ఆయనకు తగిన ఉద్యోగమే ఇచ్చాడు. భీమవరం వైపు నుంచి వచ్చి పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుగా చేరారు. పోతపోసిన ఇనుప భాగాలను చిన్న సుత్తితో తట్టి, మోతను బట్టి లోపల బీట ఉందో లేదో చెప్పాలి. ‘టంగ్’మంటే మంచిది. ‘డబ్’మంటే వెనక్కి. సాయంత్రం సైరన్ మోగితే ఉద్యోగం అయిపోయేది గాని, సుత్తి మాత్రం జేబులో ఆయనతోపాటే ఇంటికొచ్చేది. సంతలో గుమ్మడికాయల్ని తట్టేవారు. కిరాయి ఇంటి గోడల్ని తట్టేవారు. సంగారెడ్డిలో పళ్ల డాక్టరు ఆయన పన్ను తట్టి చూడబోతే, “మీరుండండి, నాది నేను తట్టుకుంటాను” అని జేబులో చెయ్యి పెట్టారట.

ఆ ఫ్యాక్టరీలోనే సుకుమారి టెలిఫోన్ ఆపరేటరు. పక్క ఊరు లక్డారం పిల్ల. కిటికీ లేని చిన్న గదిలో, చెవులకు తగిలించుకున్న ఫోనుతో, పొద్దంతా తీగలు గుచ్చుతూ పీకుతూ కూచునేది. మాటలన్నీ ఆమె చేతుల మీదుగా బొంబాయికి, మద్రాసుకు ఎగిరిపోయేవి. ఆమె మాత్రం హైదరాబాదు దాటింది లేదు. ఆమెకు రోజూ మొదటి తలనొప్పి బాపిరాజు గారి ఫోనే.

“అమ్మాయ్, ఈ లైను మధ్యలో ఇంకెవరైనా వింటున్నారా?”

“నేనొక్కదాన్నే సార్.”

“అదే నా అనుమానం!”

ఆయన మీద ఫ్యాక్టరీ అంతటికీ ఇంకో ఫిర్యాదు ఉండేది. క్యాంటీనులో కొత్త గంగాళం దిగిందంటే చాలు, ఎక్కడున్నా వచ్చి వరసలో ముందు దూరేవారు. “ఈ పులుసు రంగు మీద నాకు అనుమానంగా ఉంది, జరగండి” అంటూ గరిటెడు పోసుకుని, తాగి, గోడకానుకుని పొట్ట నిమురుకుంటూ కూచునేవారు. వెనక వాళ్లు ఆకలితో పళ్లు నూరుతుంటే, ఎప్పటికో లేచి, “ఊ, తినొచ్చు” అనేవారు. “రాజుగారిది అనుమానం కాదు, ఆకలి” అని అందరూ నవ్వేవాళ్లు. అందరికన్నా గట్టిగా నవ్వేది సుకుమారే.

అలాంటి మనిషితో కలిసి ఆమె పూనా దగ్గరి పంచగని కొండలకు ప్రయాణం కట్టవలసి వచ్చింది. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది డిసెంబరులో ఫ్యాక్టరీ క్లబ్బువాళ్లు ఉద్యోగులకని బస్సు పెట్టారు. సుకుమారి అన్న అహరోను ఆమెను బస్సెక్కించడానికి వచ్చి, బాపిరాజు గారి భార్య కనకమహాలక్ష్మిని బతిమాలాడు.

“అక్కా, మా సెల్లె ఎన్నడు గింత దూరం పోలె. జెర సూసుకోన్రి.”

“చూసుకుంటాం లేవయ్యా!” అన్న జవాబు బస్సు కింద నుంచి వచ్చింది. బాపిరాజు గారు అక్కడ చక్రాలు తడుతున్నారు.

బయలుదేరిన దగ్గర్నుంచి దర్యాప్తే. డ్రైవరును రాత్రి నిద్రపట్టిందా అని అడిగారు. పట్టిందంటే, ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నావని అడిగారు. జహీరాబాదులో చాయ్ గ్లాసులు రాగానే, “ఎవరూ ముట్టుకోకండి” అని తాను ఒకటి తాగి, ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు. ఆయనకు ఏమీ కాలేదని తేలేసరికి చాయ్ చల్లారి మీగడ కట్టింది.

పంచగనిలో కొండ మీద బల్లపరుపుగా పెద్ద మైదానం. దాని అంచుకు పోయి చూస్తే లోయలో పొలాలు చీరల అంచుల్లా కనిపిస్తున్నాయి. అక్కడ, అంచుకు కాస్త ఇవతల, ఎర్రటి గుడ్డతో గదంత గాలిపటం ఒకటి నేలమీద రెక్కలు చాపుకుని ఉంది. పక్కన మీసాలాయన ఒకరు. ఒకప్పుడు విమానదళంలో చేశాడట, అందరూ కెప్టెన్ సాబ్ అంటున్నారు. పూనా నుంచి వారం వారం వచ్చి, దాన్ని పట్టుకుని కొండ మీంచి పరుగెత్తి గాలిలోకి దూకుతాడట. పక్కన ఇంకొకరిని కూడా వేలాడదీసుకుని కింద పొలంలో దిగుతాడట.

సుకుమారి ఆ రెక్కల్ని చూసింది. లోయను చూసింది. తానూ ఎగరాలని గబగబా చెప్పులు విప్పేసింది.

“కెప్టెన్ సాబ్, మై ఆతీ హూఁ!”

“ఆగమ్మాయ్!” అని వెనక నుంచి కేక. బాపిరాజు గారు సుత్తితో సహా వచ్చేశారు. “అడుగు ఆయన్ని. దీని ఇంజను ఎక్కడ?”

బాపిరాజు గారికి హిందీ రాదు. సుకుమారికి సంగారెడ్డి బడిలోనే ఉర్దూ వచ్చింది. మధ్యలో నిలబడి మాటలు అందించడం ఆమెకు ఎటూ అలవాటే. అడిగి చెప్పింది.

“దీనికి ఇంజను ఉండదంట సార్.”

“ఉండదా, ఊడిపోయిందా?”

“అసలే ఉండదంట. గాలి మీదనే పోతదంట.”

“గాలి ఆగిపోతే?”

“మెల్లగ కిందికి దిగుతదంట.”

“మెల్లగా అని అందరూ అంటారు. ఆయన ఎప్పుడైనా పడ్డాడా, కనుక్కో.”

సుకుమారి ఆ ప్రశ్నను కాస్త మెత్తబరిచి, “మీకు చాలా అనుభవం ఉన్నట్టుందే” అని అడిగింది. కెప్టెన్ మీసం దువ్వుకుని పొంగిపోయాడు.

“ఎందుకు నవ్వుతున్నాడు? పడ్డాడన్నమాట!”

తనిఖీ మొదలైంది. బాపిరాజు గారు గొట్టాలన్నీ తట్టారు. అన్నీ ‘టంగ్’మన్నాయి. గుడ్డను ఎండకెత్తి చూశారు. కుట్లు లాగారు. పట్టీల బిళ్లలు పంటితో కొరికారు. చివరకు కెప్టెన్ నెత్తిమీది టోపీని తట్టారు. లోపల కెప్టెన్ తల ఉంది.

“యే అంకుల్ పోలీస్‌వాలే హైఁ క్యా?” అన్నాడాయన తల తడుముకుంటూ.

“ఏమంటున్నాడమ్మా?”

“మీరు మస్తు హుషారు మనిషంట సార్.”

“పొగుడుతున్నాడా? అయితే ఇందులో ఏదో ఉంది.” బాపిరాజు గారు గాలిపటం చుట్టూ మరోసారి తిరిగారు. “ఒక్క లోపమూ దొరకలేదు. దొరకలేదంటే అర్థమేమిటి? బాగా లోపల ఉందని.”

ఇంతలో కెప్టెన్ గడ్డిపరకలు పైకి విసిరి చూసి పెదవి విరిచాడు. గాలి తగ్గుతోంది, ఒక్కసారికి సరిపోతుందేమో, రెండోసారికి మాట ఇవ్వలేను, వచ్చేదెవరో త్వరగా రండి అన్నాడు. సుకుమారి ఆ మాటను బాపిరాజు గారికి అందించి, పట్టీల కోసం చేతులు చాపింది.

బాపిరాజు గారు ఆమెకూ గాలిపటానికీ మధ్య వచ్చి నిలబడ్డారు.

“ముందు నేను వెళ్తాను.”

సుకుమారికి ఒళ్లు మండిపోయింది. “గిదేం పద్ధతి సార్? పులుసు ముందు మీకే, చాయ్ ముందు మీకే. ఇగ ఆకాశం గూడ ముందు మీకేనా?”

“అవునమ్మా. ముందు నాకే.”

“గాలి ఒక్కపారికే సరిపోతదని చెప్పిన గదా! మళ్ల నేనెప్పుడొస్త ఈడికి?”

ఆయన సుత్తిని లోపలి జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకుని, పట్టీలు కట్టించుకుంటున్నారు. సుకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మనిషి అనుమానాలన్నీ నాటకమని, ఎక్కడ ఏది బాగున్నా ముందు తనకే కావాలన్న ఆబ అని ఆమెకు ఆ క్షణాన ఖాయమైపోయింది. ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లాక ఆయన ఫోను ఎత్తితే ఒక్క నంబరూ కలపకూడదని నిశ్చయించుకుంది.

“దౌడో!” అని కెప్టెన్ అరిచాడు. ఇద్దరూ పరుగెత్తారు. కెప్టెన్ కళ్లు తెరుచుకుని పరుగెత్తాడు. బాపిరాజు గారు గట్టిగా మూసుకుని పరుగెత్తారు. నేల అయిపోయిన తరవాత కూడా ఆయన కాళ్లు గాలిలో కాసేపు పరుగెడుతూనే ఉన్నాయి.

అప్పుడు సుకుమారి చేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే కనకమహాలక్ష్మి. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

“ఏమైంది అక్కా?”

“ఆయన అటక మీది జాడీ తియ్యాలంటే స్టూలెక్కలేరమ్మాయ్. రెండో మెట్టుకే కళ్లు తిరుగుతాయి. మేడమీద వాటా ఇస్తామన్నా వద్దని కిందే తీసుకున్నాం.”

సుకుమారి ఆకాశం వంక చూసింది. “మరి ఎందుకు పోయిండక్కా?”

“ఎందుకేంటి? మీ అన్నయ్యకు మాటిచ్చారు. వద్దంటే నువ్వు వినవు. ఊరుకుందామంటే ఆయన మనసు ఊరుకోదు. ఇంకేం చేస్తారు?” కనకమహాలక్ష్మి కొంగుతో కళ్లు తుడుచుకుని, అంతలోనే నవ్వేసింది. “ఎందుకండీ ముందు దూరి పులుసు తాగి అందరితో మాటలు పడతారని నేనూ పోట్లాడాను. ఏమన్నారో తెలుసా? ‘చెడిపోతే ఒక్క కడుపే చెడుతుంది కదే’ అన్నారు. ఆయన చెప్పరు గాని, ఆయన కడుపుకు తెలుసు మీ క్యాంటీను సంగతి.”

క్యాంటీను వరసలో తాను ఎంత గట్టిగా నవ్వేదో గుర్తొచ్చి సుకుమారి చెవులు వేడెక్కాయి. ఇద్దరూ చేతులు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డారు. ఎర్రటి రెక్క లోయ మీద నెమ్మదిగా వంపు తిరిగింది. చుట్టూ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో ఆకాశం మధ్య నుంచి చిన్నగా వినిపించింది: ‘టంగ్.’

“జేబు గుండీ విప్పుకున్నారు” అంది కనకమహాలక్ష్మి ఊపిరి పీల్చుకుని. “బాగానే ఉన్నారు.”

గాలిపటం కింద పొలంలో దిగింది. కెప్టెన్ దాన్ని మడిచి జీపు మీద వేసుకుని పైకి వచ్చాడు. పక్క సీటు ఖాళీ.

“అంకుల్ కహాఁ హైఁ?” అంటూ సుకుమారి జీపులోకి తొంగి చూసింది. దెబ్బ తగిలిందేమో, కాలు విరిగిందేమో, చెప్పకుండా దాస్తున్నారేమో. జీవితంలో మొదటిసారి ఆమె అచ్చం బాపిరాజు గారిలా అనుమానించింది.

ఆయనకేమీ కాలేదు, రమ్మంటే రానన్నారు, కింద ఏదో పని ఉందట అని కెప్టెన్ చెప్పాడు. దారి పొడుగునా కళ్లు మూసుకునే చేతి సైగలతో తనకు పిల్లలెందరో, రాత్రి నిద్ర పట్టిందో లేదో అడిగారట. దిగాక మాత్రం ఒకే ఒక్క ముక్క, తెలుగులో చెప్పి పంపారట. కెప్టెన్ దాన్ని కష్టపడి అప్పజెప్పాడు.

“యెక్కొచ్చూ.”

కెప్టెన్ మళ్లీ గడ్డిపరకలు విసిరాడు. అవి కాస్త తటపటాయించి, పక్కకు ఎగిరాయి. “చలేగా” అన్నాడు. గాలి ఇంకొక్కసారికి మిగిలింది.

సుకుమారి పరుగెత్తింది. నేల తప్పుకుంది. గుండె గొంతులోకి వచ్చి, అక్కడ ఉండబుద్ధి కాక నవ్వై బయటకు వచ్చేసింది. చెవుల్లో ఎవరి మాటలూ లేవు. కలపవలసిన నంబరు లేదు. గాలి ఒక్కటే. కింద గుడిసెలు, ఎడ్లబండి, నీళ్ల కాలువ అన్నీ తన కోసమే ఎవరో పరిచినట్టున్నాయి. పొలాల్లో పనిచేసేవాళ్లు తలలెత్తి చూస్తున్నారు, చేతులూపుతున్నారు.

ఒక్క మనిషి మాత్రం తల ఎత్తలేదు. దిగే పొలంలో వంగి, ఏదో ఏరి గట్టు అవతలికి విసురుతున్నాడు. మళ్లీ వంగుతున్నాడు, మళ్లీ విసురుతున్నాడు. ఇంకాస్త కిందికి వస్తే తెలిసింది. బాపిరాజు గారు రాళ్లు ఏరుతున్నారు. ముళ్లకంపలు లాగేస్తున్నారు. మధ్యలో వచ్చి పడుకున్న గేదెను లెమ్మని మందలిస్తున్నారు. అది మరాఠీ గేదె కాబట్టి ఆయన తెలుగు దానికి ఎక్కడం లేదు. చివరకు రెండు చేతులా నెట్టి, ఎలాగో గట్టు దాటించారు.

సుకుమారి, కెప్టెన్ శుభ్రమైన దుక్కిలో నాలుగడుగులు పరుగెత్తి, మోకాళ్ల మీద మెత్తగా కూలబడ్డారు. ఒక్క రాయి గుచ్చుకోలేదు.

బాపిరాజు గారు రొప్పుతూ వచ్చారు. “చేతులు, కాళ్లు సరిగ్గా ఉన్నాయా? లెక్క చూసుకున్నావా?”

“అన్నీ ఉన్నయి సార్. మీ చేతులేవి?”

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. “ఉన్నాయిలే.”

సుకుమారి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అరచేతి నిండా గీరుకుపోయిన చారలు. బొటనవేలి మొదట్లో నల్లగా ముల్లు విరిగి ఉంది. ఆమె దుక్కిలోనే బాసింపట్టు వేసుకుని, ఆయన్నీ కూచోబెట్టి, ఓణీకి పెట్టుకున్న పిన్నీసు తీసింది.

“ఆగు” అని బాపిరాజు గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. “ఆ పిన్నీసు తుప్పు పట్టలేదు కదా?”

“లేదు సార్.”

“ఎలా చెప్పగలవు? కంటికి కనిపించని తుప్పు ఉంటుంది.”

“సూసిన సార్” అని సుకుమారి తన చూపుడువేలు ఎత్తి చూపింది. చివరన ఆవగింజంత రక్తం బొట్టు మెరుస్తోంది. “ముందు నేను గుచ్చుకున్న.”

బాపిరాజు గారు ఆ వేలిని ఎగాదిగా చూశారు. ఎండకు తిప్పి చూశారు. లోపమేమీ దొరకలేదు. మెల్లగా చెయ్యి చాపారు.