తాటాకు వద్దన్న ఊళ్లో గాలివాన

మా అత్తగారికి నిప్పంటే అంత భయం లేదు. బందరుకు కాస్త దూరంలో ఉన్న మా నేతవాళ్ల వీధి ఒక వేసవి మధ్యాహ్నం ఈ చివర నుంచి ఆ చివరికి అంటుకుపోయింది. అప్పుడు ఆవిడ మగ్గం మీదున్న బట్టను కోసి చంకన పెట్టుకుని, కడుపుతో ఉన్న నన్ను రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఎదురుగా మా తాటాకిల్లు కూలిపోతుంటే కొంగుతో మొహం తుడుచుకుని, "పోనీలే, ప్రాణాలు దక్కాయి. ఆకు మళ్లీ కప్పుకోవచ్చు" అంది.

ఆవిడ భయపడటం నేను మొదటిసారి చూసింది ఆ తరవాత కొన్నాళ్లకు, పంచాయతీ బోర్డు వాళ్లు వీధిలో దండోరా వేయించిన పొద్దున.

"ఇకమీదట ఈ వీధిలో ఇళ్లకు తాటాకు కప్పు వెయ్యగూడదు! పెంకైనా రేకైనా డాబా అయినా, ముందు ప్లాను పెట్టి పర్మిషను పుచ్చుకోవాలి! లేకపోతే పీకించేస్తారహో!"

అత్తగారు వింటూ వింటూనే, ఇల్లు కాలాక మేం తలదాచుకున్న పాక తడికకు జారగిలబడి కూర్చుండిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మా ఆయనకు మాత్రం ఆ మాట సంతోషంగానే ఉంది. బట్టల మూటలు తీసుకుని తరచూ బెజవాడ వెళ్లి గవర్నర్‌పేట షాపుల్లో వేసి వచ్చే మనిషి. అక్కడి ఎత్తయిన ఇళ్లు చూసి చూసి ఆయనకూ అలాంటిదొకటి కట్టాలని మనసులో ఉంది. బందరులో ఎవరిచేతో ప్లాను గీయించుకొచ్చాడు. ముందు వైపు ఎత్తుగా లేచిన గోడ, రెండు పక్కలకే వాలిన పెంకుల కప్పు, ఆ కప్పే వసారా మీదుగా పొడుగ్గా ముందుకు సాగి వీధిలోకి చూరు. చూడటానికి బాగుంది. నేను బెజవాడలో పుట్టి పెరిగినదాన్ని, ఎనిమిదో క్లాసు దాకా చదివినదాన్ని. నాకూ నచ్చింది.

తన భయమేమిటో అత్తగారు నాకు చెప్పింది, ఇద్దరం మగ్గానికి నూలు కండెలు చుడుతుండగా. దివిసీమలో చుట్టింట్లో పుట్టిందట ఆవిడ. గుండ్రటి మట్టిగోడ, దాని మీద నేలకు అందేలా దిగిన తాటాకు. చిన్నతనంలో పెద్ద గాలివాన వస్తే, గట్టి ఇల్లు కదా అని వాళ్ల నాన్న పిల్లల్ని తీసుకెళ్లి ఒక రైతు పెంకుటింట్లో చేర్చాడు.

"మా తమ్ముడు నా ఒళ్లోనే కూచున్నాడమ్మాయ్. కప్పు ఒక్కసారి పైకి లేచి, మళ్లీ కిందికొచ్చింది. దూలాలు, పెంకులు, అంతా. నాకు చెయ్యి ఒక్కటే విరిగింది." కాసేపు కండె తిప్పింది. "మర్నాడు పోయి చూస్తే మా చుట్టిల్లు ఉన్నచోటే ఉంది. ఉట్టి మీద కుండ కూడా కదల్లేదు. పెళ్లయి ఇక్కడికొచ్చాక నేను పెంకు కింద ఒక్క రాత్రి పడుకోలేదు, తెలుసా?"

బోర్డు ఆఫీసు నుంచి మా ఆయన తెచ్చిన రూల్సు పుస్తకం ఆవిడే నాచేత చదివించుకుంది. వీధికి ఎంత ఎడం వదలాలి, గోడ ఎంత మందం ఉండాలి, మురుగు ఎటు పోవాలి, వంటిల్లు ఎక్కడుండాలి, నిప్పు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకకుండా ఏం చెయ్యాలి, అన్నీ రాసి ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"గాలికేం రాశారు?"

నేను పేజీలు వెనక్కి తిప్పాను. మళ్లీ ముందుకు తిప్పాను.

"ఏమీ రాయలేదత్తా."

"సరిగ్గా చూడు. సముద్రం పక్కన కూచుని గాలి సంగతి మర్చిపోతారా ఎవరైనా?"

మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివాను. లేదు. కప్పు కాలకుండా ఉండాలని ఉంది గానీ ఎగిరిపోకుండా ఉండాలని ఎక్కడా లేదు. అంతవరకు అత్తగారి భయాన్ని ముసలావిడ చాదస్తం అనుకున్నాను. సర్కారు ముద్ర ఉన్న పుస్తకంలో అన్నిటికీ లెక్క ఉంటుందనీ, పర్మిషను వస్తే ఇంటికి ఢోకా లేదనీ నా నమ్మకం. ఆ నమ్మకం పోయింది. కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

మర్నాడు మా ఆయనకు చెప్పకుండా ఇద్దరం బోర్డు ఆఫీసుకు వెళ్లాం. ఆడవాళ్లు అక్కడికి వెళ్లడం అప్పట్లో లేదు. బంట్రోతు వింతగా చూశాడు. ఇళ్ల ప్లాన్లు చూసే ఓవర్సీరు గారు బక్కపలచటి మనిషి, ముందున్న కాగితాలు పక్కకు నెట్టి, "ఏం పని మీద వచ్చారమ్మా?" అన్నారు. అత్తగారు గుమ్మం దాటకుండా అక్కడి నుంచే కొడుకు పేరు చెప్పి అడిగింది.

"బాబూ, పెంకు వెయ్యమన్నారు, సరే. గాలొస్తే ఆ పెంకు మా నెత్తిన పడకుండా ఏ రూలుంది?"

 ఆయన, మా ఆయన అప్పటికే ఇచ్చిపోయిన ప్లాను కాగితం వెతికి తీసి చూశారు.

"రూలు లేదమ్మా. పుస్తకంలో లేనిదాన్ని కట్టి తీరమని మీ అబ్బాయితో నేననలేను. ఈ ప్లాను ఇలాగే ఉన్నా సంతకం పెట్టాల్సిందే. కానీ మీరే మార్చి పట్టుకొస్తే వద్దనే రూలు కూడా లేదు."

"ఏం మార్చాలండీ?" అన్నాను నేను.

పెన్సిలు తీసి ఒక చిత్తు కాగితం మీద గీసి చూపించారు. కప్పు రెండు పక్కలకు కాదు, నాలుగు పక్కలకూ వాలాలి. ముందు గోడ అంత ఎత్తు వద్దు. చూరు పొట్టిగా ఉండాలి, పొడుగు చూరు కింద గాలి దూరి కప్పును లేపేస్తుంది. వసారా కప్పు ఇంటి కప్పుతో కలపకూడదు, విడిగా వెయ్యాలి. పోతే వసారా ఒక్కటే పోవాలి, దానితోపాటు ఇంటి కప్పును లాక్కుపోకూడదు. వాసాలను ఇనుప పట్టాలతో గోడలోకి కట్టాలి.

"ఇట్లా కడితే పడదా బాబూ?" అంది అత్తగారు.

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "పడదని నేను చెప్పలేనమ్మా. నాకు తెలిసింది ఇంతే."

నాకు ఆ మాటతో ఇంకా భయమేసింది. అత్తగారు మాత్రం ఆయన్ను నమ్మింది. వదలకుండా ఇంకొకటి కూడా అడిగింది: మగ్గానికి తాటాకు పాక వేసుకోవచ్చా అని. పెరట్లో, ఇంటికి ఎడంగా, పొయ్యి వెలిగించకుండా అయితే వేసుకోవచ్చన్నారు. అది రూల్లోనే ఉందట.

ఇంటికొచ్చాక మా ఆయన ఎగిరిపడ్డాడు. "ఇంత పొట్టి ఇల్లు కడితే నలుగురూ నవ్వరూ? గొడ్ల సావిడి అనుకుంటారు!" అన్నాడు.  అత్తగారు ఆయన వైపే చూస్తూ కూర్చుంది. రెండు రోజులు ఆ చూపు భరించి, ఆయనే కొత్త ప్లాను గీయించుకొచ్చాడు.

యుద్ధం రోజులు. ఇనుము దొరకదు. పాత బండి చక్రాల పట్టాలు కొని, కమ్మరిచేత సాగగొట్టించి వాసాలకు బిగించారు. వసారాకు వెతికి వెతికి పాత రేకులు తెచ్చి విడిగా వేశారు. ఓవర్సీరు గారు వచ్చి నిచ్చెనెక్కి ఒక్కో పట్టాను చేత్తో లాగి చూసి సంతకం పెట్టారు. నేను బెజవాడలో పురుడు పోసుకుని పాపతో తిరిగొచ్చేసరికి ఇల్లు తయారుగా ఉంది. అత్తగారు పగలంతా ఇంట్లో తిరిగేది, పడక మాత్రం మగ్గం పాకలోనే.

పాప గోడ పట్టుకుని లేచి నిలబడుతున్న రోజుల్లో, కార్తీకమాసంలో వచ్చింది ఆ గాలివాన. ముందు రోజే మా ఆయన మూటలతో బెజవాడ వెళ్లాడు. పొద్దున జల్లుగా మొదలై, వంట అయ్యేసరికి ఉత్తరపు గాలి బలిసింది. వీధి తలుపు లోపలికి ఉబ్బి మళ్లీ వెనక్కి పోతోంది. దాని కింద నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. నేను రోలు దొర్లించుకెళ్లి తలుపుకు అడ్డం పెట్టి, పెరట్లోకి పరుగెత్తి అత్తగారిని బతిమాలి ఇంట్లోకి తెచ్చాను. ఆవిడ గోడకు వీపు ఆనించి వాసాలకేసి చూస్తూ కూర్చుంది. రెప్ప వెయ్యడం లేదు. వాసాలు కట్టిన పట్టాలు కిర్రుమంటున్నాయి. కిర్రుమన్నప్పుడల్లా ఆవిడ భుజాలు ఎగిరిపడుతున్నాయి. పాపను ఉయ్యాల్లో వేసి ఊపుతున్నాను.

వసారా పోవడం చూడలేదు, విన్నాను. రేకులు గోడకేసి గీరుకుంటూ అరిచిన అరుపు అది. ఇంటి కప్పు కూడా వెళ్లిపోయిందనుకుని పాప మీద వాలి కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే కప్పు ఉంది.

ఇంకా సాయంత్రం కాకముందే గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. వాన కూడా సన్నగిల్లింది. కిటికీ సందులోంచి పసుప్పచ్చటి వెలుతురు పడింది. బతికిపోయాం అనుకున్నాను. వంటింట్లో బియ్యం కుండ తడిసిందేమో చూద్దామని వెళ్లి, తిరిగొచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. అత్తగారు లేదు.

 పెరట్లోకి పరుగెత్తాను. ఆవిడ పాకలో, మగ్గం గుంటలో, అంటే నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గోతిలో దిగి, పాపను గుండెకు అదుముకుని ముడుచుకుని ఉంది.

"ఇంట్లోకి రా అత్తా! గాలి తగ్గింది!"

"తగ్గలేదే. అటు తిరిగి వస్తోంది. నేను రాను. దీన్ని ఆ పెంకుల కింద పెట్టను."

"నా పిల్లనివ్వు!"

పాప రెక్క పట్టుకుని లాగాను. ఆవిడ వదల్లేదు. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. అంతలో దక్షిణం నుంచి ఒక మోత వినిపించింది. చిన్నప్పుడు బెజవాడలో కృష్ణ వంతెన మీద రైలు వస్తుంటే వినిపించే మోత లాంటిది. అది దగ్గరవుతోంది. ఇంటి వైపు తిరిగాను. పెరట్లో నాకూ గుమ్మానికీ మధ్య పెంకులు పక్షుల్లా అడ్డంగా ఎగురుతున్నాయి. ఇంకేం ఆలోచించలేదు, నేనూ గుంటలోకి దూకాను.

గుంజలు ఒరిగాయి. పాక కప్పు మొత్తం ఒక్కసారిగా మా మీదికి కూర్చుంది. మగ్గం దుంగలు కాస్త ఆపాయి, మిగతా బరువు అత్తగారు వంగి వీపు మీద మోసింది. కటిక చీకటి. తడిసిన తాటాకు వాసన. గుంటలోకి నీళ్లు దిగుతున్నాయి. ముందు మడమలు, తరవాత పిక్కలు, తరవాత మోకాళ్లు. పాపను రెండు చేతులతో పైకెత్తి, ఆకుకు తల తగలకుండా పట్టుకున్నాను. నీళ్లు నడుం దాటితే ఎటు పోవాలో తెలియదు. పైన ఏదో పడినప్పుడల్లా అత్తగారు మూలిగేది. మధ్యలో ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"కదలకు తమ్ముడూ. కదలకు. అయిపోతుంది."

ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో తెలిసి నాకు గాలికంటే ఆ మాటకే ఎక్కువ భయమేసింది. అయినా "కదలనక్కా" అన్నాను. ఎందుకలా అన్నానో నాకు తెలియదు. ఆవిడ మూలుగు మాత్రం తగ్గింది.

నీళ్లు నడుం దగ్గర ఆగాయి. పొద్దు వాలుతుండగా గాలి పలచబడింది. పాప ఏడుపు విని పక్కింటి నేత ముసలాయన కొడవలితో ఆకు కోసి మమ్మల్ని బయటికి లాగాడు. అత్తగారి వీపంతా గీరుకుపోయి రక్తం ఓడుతోంది. ఆవిడ అది చూసుకోలేదు. పాప వేళ్లు, కాళ్లు తడిమి తడిమి చూస్తోంది.

ఇల్లు నిలబడే ఉంది. వసారా లేదు. దక్షిణం వాలు మీద పెంకులన్నీ పోయాయి గానీ వాసాలు, దూలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. లోపల నేలంతా పెంకు ముక్కలు. ఉయ్యాల బట్ట తడిసి బరువుగా వేలాడుతోంది. అందులో నీళ్లే ఉన్నాయో, కప్పు మీది పెంకులు కూడా పడ్డాయో చూసే ధైర్యం నాకు లేకపోయింది. ముడి విప్పి అలాగే దొడ్లోకి తీసుకెళ్లి పారేశాను. ఇంట్లో ఉంటే ఏమయ్యేదో, పాకలో దాక్కోవడం మంచిదయిందో కాదో నేటికీ నాకు తెలియదు. మా ఎదురింటివాళ్లు మా ఆయన మొదట గీయించిన ప్లాను లాంటిదే ఎత్తుగా కట్టుకున్నారు. ఆ ఇంట్లోవాళ్ల సంగతి నేను రాయలేను.

మర్నాడు ఓవర్సీరు గారు మోకాటిలోతు బురదలో నడిచి వచ్చారు. సంతకం పెట్టిన ఇళ్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నారట. మా గుమ్మంలో నిలబడి, పైకి చూడకుండా ముందు మమ్మల్నే అడిగారు.

"అందరూ ఉన్నారా అమ్మా?"

"ఉన్నాం బాబూ" అంది అత్తగారు.

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు. ఎదురింటి వైపు వీపు పెట్టి నిలబడ్డారని నేను గమనించాను. రాలిన కొబ్బరిబోండం ఒకటి కొట్టి ఇస్తే, తాగకుండా గుమ్మం పక్కన పెట్టి తరవాతి ఇంటికి నడిచారు. 

రైళ్లు ఆగిపోతే మా ఆయన గుడివాడ నుంచి పట్టాల వెంట నడిచి వచ్చాడు.  కప్పు లేని వసారాలో చతికిలపడి, పాప పాదాలు రెండూ గుప్పిట్లో పట్టుకుని, తన తల్లి వీపు మీద పూసిన పసుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ పెంకు వేయించడానికి మళ్లీ పర్మిషను కావలసి వచ్చింది. ఆ కాగితం మీద ఓవర్సీరు గారు తనంతట తానే షరతులు రాశారు: పట్టాలు, పొట్టి చూరు, విడి వసారా. పై అధికారి అడిగితే తాను చూసుకుంటానన్నారు. అత్తగారు ఆయన్ను ఆపి, మగ్గం గుంట ఇంట్లోనే తవ్వుకోవచ్చా అని అడిగింది. తవ్వుకోమన్నారు. ఇంట్లో మగ్గం గది పూర్తయిన రోజు నుంచి ఆవిడ పెంకు కింద, గుంట పక్కన చాప వేసుకుని పడుకుంది. అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది గానీ, అలవాటయింది.

నాకే కాలేదు. కార్తీకం వచ్చి ఉత్తరం నుంచి గాలి తిరిగిందంటే, పాప పెరిగి పెద్దదైన తరవాత కూడా, నేను చేస్తున్న పని వదిలేసి అది ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లేదాన్ని. "ఏమిటమ్మా?" అనేది విసుగ్గా. ఏమీ లేదని చెప్పి, పక్కనే ఏదో ఒక పని కల్పించుకుని, గాలి తగ్గేదాకా అక్కడే ఉండేదాన్ని.