చెల్లెలి పెళ్ళికి అయిదు పద్యాలు

1957లో నేను కడపలో ఒక ప్రెస్సులో కంపోజిటర్ని. అంటే సీసపు అక్షరాలను కేసు అనే చెక్క అరల్లోంచి ఒక్కొక్కటే ఏరి వరుసగా కూర్చేవాణ్ణి. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. శుభలేఖలు ఒక ఎత్తు, పంచరత్నాలు ఒక ఎత్తు. వధూవరులను దీవిస్తూ అయిదు పద్యాలు రంగు కాగితం మీద అచ్చు వేయించి, పందిట్లో ఒకరు రాగం తీసి చదివి అందరికీ పంచాలి. అది లేకపోతే పెళ్ళే జరగనట్టు బాధపడేవాళ్ళు.

పద్యాలు రాసేవాళ్ళు మాత్రం ఊరికి ఎంతమంది ఉంటారు? అందుకని ఒక సెట్టు పద్యాలు కూర్చి, దారంతో కట్టగా కట్టి ఉంచుకునేవాళ్ళం. దాన్ని స్టాండింగ్ మ్యాటర్ అంటాం. పేర్లు మారిస్తే చాలు, అచ్చుకు సిద్ధం. అందులో ప్రతి పెళ్ళికొడుకూ మన్మథుడే, ప్రతి పెళ్ళికూతురూ మహాలక్ష్మే.

ఒక పొద్దున కిరాణా అంగడి సుబ్బయ్య శెట్టి వచ్చాడు. పాతికేళ్ళవాడు. తండ్రి పోయాక చదువు మాని అంగట్లో కూర్చున్నాడు. చెల్లెలు రత్నమ్మకు పెళ్ళి కుదిరిందట. నేను మా కట్ట ప్రూఫు తీసి చూపించబోతే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అదొద్దు మస్తానన్నా! మా అక్క పెండ్లికి ఇంగో ఊర్లో ఇట్టాంటిదే వేయించినాం. నాలుగు పద్యాల్లో పేరు మార్చినారు, అయిదోదాంట్లో మరిచిపోయినారు. పందిట్లో మా అక్కను పట్టుకుని సుశీల అని చదివేసిరి. ఇప్పటికీ కోపమొస్తే వాళ్ళత్త 'ఏమ్మే సుశీలా' అంటాది."

నాకు నవ్వాగలేదు. అతను మాత్రం నవ్వలేదు.

"మా చెల్లి ఒకటే మాట పట్టుకోనుండాది. 'నువ్వు రాసిందయితే చదువు, లేకుంటే నా పెండ్లిలో ఏమీ చదవద్దు. నాయన ఉంటే ఆయనే రాసేటోడు' అని. నాయన లేని లోటు ఆ పొద్దు దానికి తెలీకూడదన్నా. ఇస్కూల్లో శానా రాస్తాంటి. ఇప్పుడు కాగితం ముందర కూర్చుంటే ఏమీ రాడం లేదు."

రాసినంతవరకు చూపించమన్నాను. చూసి తల పట్టుకున్నాను. అదే మన్మథుడు, అదే మహాలక్ష్మి. పెళ్ళిళ్ళలో విని విని మా కట్ట అతని తలలోకి ఎక్కేసింది.

మా పనిలో డిస్ట్రిబ్యూషన్ అని ఒకటుంది. అచ్చయిపోయాక, కూర్చిన అక్షరాలు విప్పి ఏ అరలోది ఆ అరలో వేయడం. రోజూ చేయాలి, చేసేకొద్దీ విసుగు. కానీ విప్పకపోతే కొత్త పనికి అక్షరాలు దొరకవు. శెట్టిని చూస్తే నాకు అదే తోచింది.

"శెట్టీ, నీ తలకాయ నిండా స్టాండింగ్ మ్యాటరే ఉండాది. ముందు అది విప్పల్ల. పెండ్లి మాట ఎత్తగాకు. రోజూ అంగడి తెరిచేముందు కూర్చుని కంటికి కనబడిందేదో ఒకటి రాయి. బాగుండాదా లేదా అని చూడగాకు. రాసి ఈడికొచ్చి నాకు చదివి వినిపీ."

"నా కంటికి ఏం కనబడతాదన్నా? బెల్లం, చింతపండు!"

"బెల్లమే రాయప్పా! ఎవడొద్దన్నాడు?"

నిజం చెప్పొద్దూ, నాకే నమ్మకం లేదు. ఏమవుతుందో చూద్దామన్న ఆరాటమే ఎక్కువ.

మొదట బెల్లం 'అమృతతుల్యం' అని వచ్చింది. "ఏడ్చినట్టుండాది, రేపు రా" అన్నాను. చింతపండూ అంతే. తిట్లు తింటూ కూడా ఒక్కరోజు మానలేదు మహానుభావుడు. అలా కొన్నాళ్ళు గడిచాక మళ్ళీ బెల్లం గురించే తెచ్చాడు. ఎండాకాలం బెల్లం కరిగి గోనెకు అంటుకుంటుంది. బేరానికొచ్చే ఒక ముసలమ్మ మాట్లాడుతూనే ఆ గోనె గీకి నోట్లో వేసుకునేది. ఆమె వచ్చిందంటే చాలు, వాళ్ళ నాయన ఏదో పనున్నట్టు అటు తిరిగి కూర్చునేవాడు. వింటూ నేను చేస్తున్న పని ఆపేశాను.

"ఇది యాడ నుంచి వచ్చె శెట్టీ?"

"ఏమోన్నా! బెల్లం గురించి రాస్తాంటే నాయన గుర్తుకొచ్చె."

అక్కణ్ణుంచి రోజుకొకటి వచ్చింది. తక్కెడ, మూటల మీద పడుకునే పిల్లి, అప్పుడే విప్పిన మిరపకాయల బస్తా. ఛందస్సు ఎటో పోయింది, పోతే పోనీ అన్నాను. చెల్లెలి మాట మాత్రం ఒక్కటీ రాలేదు. పెళ్ళి దగ్గరపడుతుంటే నేను రోజులు లెక్కపెట్టసాగాను. మా యజమాని అయితే "పాత కట్ట వేసి పంపించు" అని గొడవ.

చివరికి ఒక ఉదయం రవ్వ గురించి రాద్దామని కూర్చున్నవాడు రత్నమ్మ గురించి రాసుకొచ్చాడు. పద్యాలు కావు, అయిదు చిన్న పేరాలు. అతను చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయి. వాటిని నేనే కూర్చాను, ఒక్క అక్షరం కూడా ఇంకొకరి చేత ముట్టించలేదు.

పెళ్ళికి వెళ్ళాను. శెట్టి రాగం లేకుండా మామూలుగా చదువుతుంటే పెళ్ళికొడుకు వైపు వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. చివరి పేరా వచ్చింది: "గల్లాపెట్టె మీద రవ్వ పరిచి నాయన నీకు అక్షరాలు దిద్దించేవాడు. నువ్వు ఉఫ్ అని ఊదేసేదానివి. ఆయన నవ్వి మళ్ళీ రాసేవాడు. నువ్వు వెళ్ళే ఇంట్లోనూ నీ తప్పులకు అట్లా నవ్వేవాళ్ళు ఉండాలమ్మా."

తల వంచుకుని కూర్చున్న రత్నమ్మ తలెత్తింది.

"అన్నా, నాయన ముక్క ఇంగోసారి చదువు."

పందిట్లో పెళ్ళికూతురు నోరు విప్పడమా! పెళ్ళికొడుకు తల్లి కొంగుతో కళ్ళొత్తుకుని, "పిల్ల అడుగుతాండాది కదా, చదువప్పా" అంది.

ఎన్ని పెళ్ళిళ్ళకు పంచరత్నాలు కూర్చానో లెక్కలేదు. మళ్ళీ చదవమని అడగడం మాత్రం అదొక్కసారే విన్నాను. చెప్పడానికి మాటల్లేనివాడంటూ ఎవడూ ఉండడు, అవి వచ్చేదాకా రోజూ కూర్చునే ఓపిక కావాలంతే అని ఆ పందిట్లో నాకు తెలిసింది.