తాళం వేసిన గదిలో బ్యాట్ చప్పుడు

మొన్న నారాయణగూడలో ఆటసామాన్ల దుకాణం ముందు నుంచి వస్తుంటే అవిసె నూనె వాసన తగిలింది. లోపల ఎవరో కొత్త బ్యాట్‌కు నూనె పట్టిస్తున్నారు. కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాను.

చాలా ఏళ్ల కిందట అశోక్‌నగర్‌లో మా మేడమీది గదిలో ఒక మంగళూరు అబ్బాయి కిరాయికి ఉండేవాడు. వాళ్లు బ్యారీ ముస్లింలు. ఇంట్లో మాట్లాడే భాష కూడా వేరేనట. చిక్కడపల్లిలో వాళ్ల మామ టీ హోటల్ చూసుకుంటూ, అక్కడే తెలుగు నేర్చుకుని, లీగ్ మ్యాచ్‌లు ఆడేవాడు. అతని ఆట చూడటానికి రాంనగర్ నుంచి కూడా జనం పోయేవారని మా ఆయన చెప్పేవారు. ఆ ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసే మ్యాచ్ ఉందని వాళ్లమ్మ కొత్త బ్యాట్ పంపింది.

కొత్త బ్యాట్‌తో వెంటనే ఆడితే పగులుతుందట. నూనె పట్టించి, చెక్క సుత్తితో రోజూ మెల్లగా కొట్టి గట్టిపరచాలి. పాత బంతితో కొట్టినప్పుడు బంతి కుట్ల అచ్చు చెక్క మీద పడకపోతే సిద్ధమైనట్టు. పొద్దున, సాయంత్రం తన భాషలో ఏదో గొణుగుతూ టక్ టక్‌మని కొట్టేవాడు. మా అత్తగారు, "ఈ పోరడు క్రికెట్ ఆడుతడా, వడ్రంగి పని చేస్తడా?" అని విసుక్కుంటూనే మామిడికాయ తొక్కు పంపేది.

మ్యాచ్ రోజు కూడా అచ్చు పడింది. "ఇంక కాలేదక్కా" అని దాన్ని గదిలోనే పెట్టి, తాళం వేసి, స్నేహితుడి బ్యాట్‌తో ఆడటానికి వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పైన టక్ టక్ మొదలైంది. ఆ గొణుగుడు కూడా. త్వరగా వచ్చేశాడనుకుని అత్తగారు టీ పట్టుకెళ్లి, నిండు గ్లాసుతో అలాగే దిగొచ్చింది. తలుపుకు తాళం ఉందట. చప్పుడు లోపలి నుంచే వస్తోందట. మెట్ల కింద ఒకరినొకరం ఆనుకుని కూర్చున్నాం. కాసేపటికి ఆగిపోయింది.

సాయంత్రం కబురొచ్చింది. మధ్యాహ్నం ఆటలో బంతి లేచి కంటికి తగిలిందని, ఆ కన్ను ఇక కనబడదని.

ఊరికి పోయేముందు, కంటికి కట్టుతో, సామాను కోసం వచ్చాడు. తాళం తీసి, బ్యాట్ మీద బంతి కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు. వేళ్లతో తడిమాడు.

"అక్కా, గది ఎవరన్న తీసిన్రా? అచ్చు పడతలేదు."

"తాళంచెవి నీ దగ్గర్నే ఉండె కద తమ్మీ."

అత్తగారు ఆగలేక ఆ మధ్యాహ్నం సంగతి చెప్పేసింది. అతను ఉలిక్కిపడలేదు. "ఎవరోగాని, నాకంటె మంచిగ కొట్టిన్రమ్మా" అన్నాడు. తల కొంచెం పక్కకు తిప్పి, మిగిలిన కంటితో గోడను బౌలర్‌ను చూసినట్టు చూస్తూ ఒక్కసారి బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

ఎక్కడున్నా ఇప్పటికి అతని తల నెరిసే ఉంటుంది. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఇంకా పొద్దు వాలలేదు.