గంట కొడితే పక్క మార్చాలి

భద్రాచలం అడవి అంచున ఒక దవాఖానాలో నేను నర్సుగా ఉన్న ఎనభైల నాటి మాట. మా వార్డులో నడుము విరిగిన ఒకాయన కదలకుండా పడుకుని పడుకుని, వీపు కింద పుండు కుళ్లి చనిపోయాడు. ఆ కోపంతోనే నర్సులమంతా ఒక మాట అనుకున్నాం. వరండాలో గంట కొట్టినప్పుడల్లా కదల్లేనివాళ్లను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి. డాక్టర్ల ఆర్డరు కోసం ఆగలేదు.

ఆ మంచం మీదికే, కల్లు కోసం ఎక్కి జీలుగు చెట్టు మీంచి పడ్డ కోయ గూడెం మనిషి వచ్చాడు. నడుము కింద స్పర్శ లేదు. నల్లని ఒంటి మీద పుండుకు ముందొచ్చే ఎరుపు కనబడదు గనక చేత్తో తడిమి చూసేదాన్ని. ఒకనాడు వెన్ను చివరి ఎముక దగ్గర చేతికి వేడి తగిలింది. నడుము మెలిపడకుండా నలుగురం కలిసి తిప్పుతూనే ఉన్నాం కదా, ఈ వేడి ఎక్కడిది?

అనుమానంతో గంటకు ముందే వెళ్లాను. పక్కకు తిప్పిన మనిషి వెల్లకిలా ఉన్నాడు.

తోడుగా ఉన్న ఆయన భార్య దాచలేదు. "అవ్, నేనే పండవెట్టిన. ఇరిగిన బొక్కను కదిలిస్తే అతుకుతదా? మా కట్లు కట్టేటాయన గట్లనే చెప్పిండు. మీరు గిట్లనే తిప్పితే బండి కట్టి ఇంటికి తీస్కపోత."

నాకు ఒళ్లు మండింది. "తీస్కపో! పురుగులు వట్టినంక మళ్ల నా కాడికే తెస్తవ్!"

ఆమె నిజంగానే మూట సర్దడం మొదలుపెట్టింది. అప్పుడు భయమేసింది. ఇంటికి పోతే ఆయన బతకడు. మూటలోంచి ఎండిన ఇప్పపువ్వు వాసన వస్తోంది.

"ఇప్పపువ్వు ఆరవోసి తిప్పకుంట వదిలేస్తవా?" అన్నాను.

"అడుగుది కుళ్లదా?" అంది విసుగ్గా.

ఆమె చెయ్యి లాగి మొగుడి వెన్ను చివర పెట్టాను. ఆ వేడి ఆమె చేతికీ తగిలింది. కాసేపటికి మూట మంచం కిందికి తోసింది.

ఆ తర్వాత గంట ఆలస్యమైతే నా మీదికే వచ్చేది. "గంట నిద్రవోయిందా సిస్టరమ్మా?"

ఆయన ఇక నడవడని ఆమెకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఇంటికి పోయేనాడు "మా గూడెంల గంట లేదు గద?" అంది.

వానలు పోయాక గూడెం వాళ్లు ఆయన్ని చూపించడానికి మంచంతో సహా మోసుకొచ్చారు. పలకరించకముందే వీపు తడిమాను. ఎక్కడా పుండు లేదు, చల్లగా ఉంది. అందరి ముందే ఏడ్చేశాను.

"గంట లేకుంట ఎట్ల తిప్పినవ్?" అని వెంట వచ్చిన ఆమెను అడిగాను.

"పగటీలి ఇంట్లకొచ్చినప్పుడల్లా. రాత్రి నాకు మెలకువొచ్చి నేను పక్క మారితే, ఆయనను మార్చిన."